క్యాంపర్ పైకప్పు ఏసీ: గ్యాస్ పట్టించే ముందు చూసుకోవలసినవి

ప్రశ్న: మేం నిజాంపేటలో ఉంటాం. ఫోర్స్ ట్రావెలర్ వ్యానును క్యాంపర్‌గా, అంటే లోపలే పడుకుని ప్రయాణించేలా మార్పించిన బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పైకప్పు మీద కరెంటుతో నడిచే ఏసీ, లోపల గోడకు డిజిటల్ థర్మోస్టాట్ ఉన్నాయి. నెలకోసారి బయటికి తీస్తాం, మిగతా రోజులు ఇంటి ముందే ఉంటుంది. ఇంటి దగ్గర ప్లగ్ పెడితే ఒక్కోసారి ఫ్యాన్ మాత్రమే తిరుగుతుంది, చల్లగాలి రాదు. రాత్రిపూట బాగానే మొదలై ఐదారు నిమిషాలకే ఆగిపోతుంది. అప్పటికి లోపల ఇంకా ఉక్కగానే ఉంటుంది. నాగార్జునసాగర్ వెళ్లినప్పుడు రిసార్టు వాళ్లిచ్చిన ఎక్స్‌టెన్షన్ మీద పెడితే గుర్రుమని మూలిగి, టక్కున ఆగిపోయింది. రెండుమూడు సార్లు అలాగే అయింది. మెకానిక్ చూసి గ్యాస్ అయిపోయింది, పట్టించాలన్నాడు. థర్మోస్టాట్ మీద ఆటో, ఆన్, డ్రై అని ఏవేవో ఉన్నాయి, ఏది ఎప్పుడు వాడాలో తెలియదు. గ్యాస్ పట్టించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు రాసిన మూడు లక్షణాలకు మూడు వేర్వేరు కారణాలు కనబడుతున్నాయి, ఏదీ గ్యాస్ తక్కువైతే వచ్చేది కాదు. గ్యాస్ తగ్గిన ఏసీ ఇంటి దగ్గర ఒకలా, సాగర్‌లో ఇంకోలా ప్రవర్తించదు. ఎక్కడ పెట్టినా అరకొరగానే చల్లబరుస్తూ, థర్మోస్టాట్ అడిగినంత చల్లదనం ఇవ్వలేక ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. మీది నడవాల్సిన చోట ఆగిపోతోంది. అసలు గ్యాస్ అనేది పెట్రోలులా వాడితే అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ఆ లీకు మూయకుండా పట్టించిన గ్యాస్ మళ్లీ పోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పైకప్పు ఏసీల్లో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలోనే సీలు వేసి వస్తాయి. ఇంట్లోని స్ప్లిట్ ఏసీకి ఉన్నట్టు పీడనం చూసే గేజి తగిలించుకునే వాల్వులు వీటికి ఉండవు. గ్యాస్ పట్టాలంటే రాగి గొట్టాన్ని పొడిచి వాల్వు బిగించాలి. బండి కుదుపులకు ఆ జాయింటే ముందు వదులవుతుంది. నిజంగా గ్యాస్ తక్కువని తేలినా, లీకు పట్టి, బ్రేజింగ్ చేసి (లోహం కరిగించి అతికి), వ్యాక్యూమ్ లాగి (గొట్టాల్లోని గాలి, తేమ తీసేసి), ఏసీకి అంటించిన ప్లేటు మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి నింపాలి. గేజి చూసి అందాజాగా కొట్టే పని కాదు.

ముందు మీ ఏసీ ఏ రకమో రూఢి చేసుకోండి. మామూలు ట్రావెలర్ బళ్లలో కంపెనీ ఏసీ ఇంజన్ బెల్టుతో నడుస్తుంది, ఇంజన్ ఆపితే అదీ ఆగుతుంది. బ్యాటరీతో నేరుగా నడిచే 12 లేదా 24 వోల్టుల పైకప్పు ఏసీలూ ఉన్నాయి. మీరు ప్లగ్ పెడుతున్నారు కాబట్టి మీది 230 వోల్టుల మూడో రకం: కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పేది), కండెన్సర్ (వేడిని బయటికి వదిలేది), చల్లబరిచే కాయిల్, ఫ్యాన్ మోటారు అన్నీ పైన ఒకే డబ్బాలో ఉంటాయి. సీలింగుకు చేసిన దాదాపు 14 అంగుళాల చదరపు రంధ్రం గుండా గాలి దిగుతుంది, ఎక్కుతుంది.

ఈ రకంలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఏసీ నడిచేది 230 వోల్టులతోనే అయినా, గోడ థర్మోస్టాట్ ఉన్న వాటిలో ఎక్కువ భాగం ఆజ్ఞ ఇచ్చేది 12 వోల్టులతో. థర్మోస్టాట్ బండిలోని ఇంటి బ్యాటరీ (ఇంజన్‌ది కాదు, లోపలి లైట్లు వగైరాలకు పెట్టే వేరే బ్యాటరీ) కరెంటుతో బతుకుతుంది. చల్లదనం కావాలనిపించగానే పైనున్న కంట్రోల్ బోర్డుకు సైగ పంపుతుంది, బోర్డు మీది రిలే (కొద్ది కరెంటుతో పనిచేసే స్విచ్చు) టక్‌మని మూసుకుని కంప్రెసర్‌కు 230 వోల్టులు వదులుతుంది. ఫ్యాన్‌కు వేరే రిలే, కంప్రెసర్‌కు వేరే రిలే ఉంటాయి. అందుకే ఫ్యాన్ తిరుగుతూ కంప్రెసర్ లేవకపోవడం జరుగుతుంది. థర్మోస్టాట్ తెర వెలుగుతోంది కదా, అంతా బాగుందనుకోకూడదు.

ఇంటి దగ్గరి సమస్య ఇక్కడే ఉందని మా అనుమానం. నెలంతా నిలిపి ఉంచిన బండిలో ఇంటి బ్యాటరీ నీరసిస్తుంది. ప్లగ్ పెట్టగానే దాన్ని ఛార్జ్ చేయాల్సిన ఛార్జర్‌కు వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే తానే పడిపోయే స్విచ్చు) ఉంటుంది, అది దిగిపోయి ఉన్నా ఎవరూ చూడరు. తెర వెలగడానికి కొద్దిపాటి కరెంటు చాలు. 12 వోల్టుల రిలే పట్టుకోవడానికి మాత్రం దాని కాయిల్ దగ్గర సుమారు 9 వోల్టులకు పైన అందాలి, మధ్యలో సన్నని తీగల్లో, తుప్పు పట్టిన కనెక్టర్లలో కొంత పోతుంది. ఏసీ ఆన్‌లో ఉండగా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. ఛార్జర్ పనిచేస్తుంటే 13 పైనే చూపాలి. 12 దాటకపోతే ముందు ఛార్జర్ ఎంసీబీ, తర్వాత ఫ్యూజు, తర్వాత బ్యాటరీ వయసు చూడాలి. బ్యాటరీ బాగున్నా లక్షణం పోకపోతే థర్మోస్టాట్ నుంచి పైకి పోయే సన్న కేబుల్ కనెక్టర్లను రెండు వైపులా ఊడదీసి తిరిగి గట్టిగా నొక్కండి. కుదుపులకు అవి సగం జారి ఉండటం సర్వసాధారణం.

అయితే దానికన్నా ముందు ఓపిగ్గా గడియారం చూడండి. ఆగిన కంప్రెసర్‌లో ఒకవైపు పీడనం ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉంటుంది. అవి సమం కాకుండా మళ్లీ లేపితే మోటారు తిరగలేక వేడెక్కుతుంది. అందుకని బోర్డే 2 నుంచి 3 నిమిషాలు ఆపి పెడుతుంది. ఆ సమయంలో ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంది, అది లోపం కాదు. ఇంట్లో ఏసీ స్టెబిలైజర్ నుంచి లైను లాగి ఇస్తున్నారా? దానికీ ఇంచుమించు అంతే ఆలస్యం ఉంటుంది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి కలిస్తే ఐదారు నిమిషాలు. ఈలోగా చల్లగా రాలేదని ఆపి మళ్లీ వేస్తే లెక్క మొదటికొస్తుంది. ఒకసారి వేసి పది నిమిషాలు ముట్టుకోకండి.

బోర్డు మొండికేసిందనిపిస్తే రీసెట్ చేయొచ్చు, కానీ ఎంసీబీ ఒక్కటి దించితే చాలదు. బోర్డుకు ప్రాణం 12 వోల్టుల వైపు ఉంది కాబట్టి ఏసీ ఎంసీబీ, 12 వోల్టుల ఫ్యూజు రెండూ తీసి ఐదు నిమిషాలు ఉంచి, ముందు ఫ్యూజు, తర్వాత ఎంసీబీ వేయండి.

ఇక బటన్ల సంగతి. కూల్ అంటే తెలిసిందే. ఫ్యాన్ ఆటోలో పెడితే గది చల్లబడిందని థర్మోస్టాట్‌కు తోచినప్పుడు కంప్రెసర్‌తో పాటు ఫ్యాన్ కూడా ఆగుతుంది. ఆన్‌లో పెడితే కంప్రెసర్ ఆగినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. హైదరాబాద్ ఎండాకాలంలో ఆన్, వానాకాలంలో ఆటో మేలు. జులైలో ఆన్‌లో ఉంచితే కంప్రెసర్ ఆగిన ప్రతిసారీ కాయిల్ మీద పట్టిన నీటిని ఫ్యాన్ మళ్లీ లోపలికే ఊదుతుంది, చల్లగా ఉన్నా జిగటగా అనిపిస్తుంది. డ్రైలో ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి తేమ లాగుతుంది. మే నెల మధ్యాహ్నం దానితో పని లేదు. హీట్ అనే గుర్తు పొరపాటున నొక్కి, 24లో పెట్టి, లోపల 34 ఉంటే ఏసీ ఏమీ చేయదు, దాని దృష్టిలో గది ఇప్పటికే వేడిగా ఉంది. 16లో పెడితే త్వరగా చల్లబడుతుందన్నది భ్రమ. ఈ కంప్రెసర్లలో ఎక్కువ భాగానికి ఒకే వేగం. 16 పెట్టినా 24 పెట్టినా ఒకేలా నడుస్తుంది, ఎప్పుడు ఆగాలన్నదే తేడా.

ఐదారు నిమిషాలకే ఆగిపోయే రెండో సమస్యకు వద్దాం. మెకానిక్‌లు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే.

సీలింగుకు బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో రెండు దారులు ఉంటాయి. ఒకటి చల్లగాలి కిందికి దిగే దారి, ఇంకొకటి గది గాలిని పైకి పీల్చే దారి. రెంటికీ మధ్య ఒక పలుచని అడ్డుగోడ. అది థర్మోకోల్, రేకు, లేదా కేవలం టేపు కావచ్చు. బిగించేటప్పుడు సరిగా అతకకపోయినా, జిగురు ఎండి ఊడినా, దిగాల్సిన చల్లగాలి సందులోంచి మళ్లీ పీల్చే దారిలోకే దూరుతుంది. అప్పుడు రెండు పనులు జరుగుతాయి. గదికి అందే గాలి తగ్గుతుంది. వేడిని కొలిచే సెన్సర్ పీల్చే దారిలో ఉన్న మోడళ్లలో దానికి తన చల్లగాలే తగిలి, గది 24కు వచ్చేసిందని నమ్మి కంప్రెసర్‌ను ఆపేస్తుంది. సెన్సర్ గోడ థర్మోస్టాట్‌లోనే ఉన్న రకమైతే, ఏదైనా వెంటు గాలి నేరుగా దాని మీద కొడుతోందేమో చూడండి. రిమోట్‌లో సెన్సర్ ఉండే రకాలూ ఉన్నాయి. ఆ రిమోట్‌ను వెంటు కింద మంచం మీద పడేస్తే ఫలితం ఇదే.

పరీక్ష తేలిక. వంటగదిలో వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి చాలు. ఏసీ వేసి 15 నిమిషాలు కంప్రెసర్ ఆగకుండా నడిచేలా తక్కువ డిగ్రీలో పెట్టి, మూడు చోట్ల కొలవండి: గది మధ్యలో, పీల్చే జాలీ లోపల, చల్లగాలి వచ్చే వెంటులో. గది మధ్యలోనూ జాలీ లోపలా దాదాపు ఒకే అంకె రావాలి. గదిలో 31 ఉండి జాలీ లోపల 25 ఉంటే చల్లగాలి దారి తప్పుతున్నట్టే. జాలీకీ వెంటుకూ మధ్య 9 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే చల్లబరిచే భాగం ఆరోగ్యంగా ఉంది, గ్యాస్ మాట ఎత్తక్కర్లేదు. తేమ బాగా ఉన్న వానాకాలం రోజుల్లో ఈ తేడా కొంత తగ్గుతుంది, దానికి కంగారు పడొద్దు. కానీ జాలీలోకి చల్లగాలి కలుస్తున్నప్పుడు ఈ తేడాను నమ్మకండి. సందులు మూసి మళ్లీ కొలవండి.

మూయడానికి కావాల్సింది అల్యూమినియం ఫాయిల్ టేపు, కోఠీ ట్రూప్ బజార్‌లో గానీ రాణిగంజ్‌లో గానీ రోలు దొరుకుతుంది. గుడ్డ టేపు, బ్రౌన్ టేపు తేమకు ఊడిపోతాయి, వద్దు. ఎంసీబీ దించి, ప్లగ్ పీకి, 12 వోల్టుల ఫ్యూజు తీసి, జాలీ విప్పండి. అంచుల మీది దుమ్ము తుడిచి ఆరనివ్వండి. అడ్డుగోడ నాలుగు అంచులా, అది సీలింగును, పై డబ్బాను తాకే చోట్ల టేపు నొక్కి అతికించండి. సెన్సర్ తీగ చల్లగాలి వైపు వేలాడుతుంటే పీల్చే దారిలోకి జరిపి కట్టండి. ఒక సెన్సర్ మాత్రం కాయిల్ రేకుల మధ్య గుచ్చి ఉంటుంది, దాన్ని కదిలించకండి. కాయిల్ గడ్డకడితే కంప్రెసర్‌ను ఆపే కాపలా అది.

ఆ కాపలా వల్ల కూడా ఏసీ ఆగొచ్చు, కానీ ఐదారు నిమిషాల్లో కాదు, అరగంటో గంటో నడిచాక. ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి, ఫ్యాన్ తక్కువలో ఉండి, తేమ ఎక్కువగా ఉన్న రాత్రి 18లో పెట్టి పడుకుంటే కాయిల్ మీద మంచు కడుతుంది. మొదట గాలి జోరు తగ్గుతుంది, తర్వాత చల్లదనం పోతుంది. కంప్రెసర్ ఆపి ఫ్యాన్ ఒక్కటే గంట తిప్పితే కరుగుతుంది. గట్టి వస్తువుతో గీకితే రేకులు వంగుతాయి, గొట్టానికి చిల్లు పడొచ్చు. మంచు కాయిల్ అంతటా కాక ఒక మూలనే కడుతుంటే, ఫిల్టరు శుభ్రంగా ఉంటే, అప్పుడు గ్యాస్ అనుమానానికి అర్థముంది.

సెన్సర్ మీద అనుమానముంటే కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టండి. చాలా వాటిలో 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ దరిదాపుల్లో చూపుతుంది. పిడికిట్లో పట్టుకుంటే అంకె మెల్లగా తగ్గాలి. అసలు కదలకపోతే, లేదా అనంతం చూపితే సెన్సర్ పోయింది. తెర మీద ఎర్రర్ కోడ్ వస్తుంటే దాని అర్థం కంపెనీకో తీరు, మీ మోడల్ మాన్యువల్లోనే చూడాలి.

సాగర్‌లో జరిగింది వోల్టేజీ దెబ్బ. గుర్రుమనడం అంటే కంప్రెసర్ తిరగడానికి పెనుగులాడుతోందని, టక్కుమనడం అంటే ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ దాన్ని కాపాడి విడదీసిందని. ఒకటింపావు టన్ను లోపు ఏసీ నడిచేటప్పుడు సుమారు 7 ఆంప్స్ తీసుకుంటుంది. లేచే క్షణంలో నాలుగైదు రెట్లు, 30 ఆంప్స్ దాకా లాగుతుంది. రిసార్టుల్లో లైట్ల కోసం వాడే ఎక్స్‌టెన్షన్లలో తరచు 1 చదరపు మిల్లీమీటరు తీగే ఉంటుంది. 30 మీటర్ల పొడవంటే పోనూ రానూ 60 మీటర్లు, రాగి తీగ అయినా నిరోధం 1.2 ఓమ్స్ దగ్గర. 7 ఆంప్స్‌కు 8 వోల్టులే పోతాయి కాబట్టి ఫ్యాన్‌కు ఏమీ తెలియదు. 30 ఆంప్స్‌కు 35 వోల్టులు పోతాయి. సాకెట్ దగ్గర 215 ఉంటే కంప్రెసర్‌కు 180 చేరుతుంది, అది లేవదు. అదే పొడవుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగైతే పోయేది 14 వోల్టులు, 4 చదరపు మిల్లీమీటర్లదైతే 9.

కాబట్టి సొంత కేబుల్ ఉంచుకోండి. 15 మీటర్ల వరకు 2.5, అంతకు మించితే 4 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి ఫ్లెక్సిబుల్ తీసుకోండి. 16 ఆంప్స్ ప్లగ్, 16 ఆంప్స్ సాకెట్ మాత్రమే వాడండి, ఫోను ఛార్జర్ పెట్టుకునే 6 ఆంప్స్ సాకెట్లో కన్వర్టర్ పిన్ను పెట్టి ఏసీ నడపొద్దు. రీలు పూర్తిగా విప్పి నేల మీద పరచండి, చుట్టలోనే ఉంచితే వేడి బయటికి పోక ఇన్సులేషన్ మెత్తబడుతుంది. ఏసీ వేయకముందు, వేశాక బండి లోపలి సాకెట్లో వోల్టేజీ చూడండి. నడిచేటప్పుడు 207 కన్నా తగ్గితే అక్కడ ఏసీ వేయకపోవడమే మంచిది. టక్కుమని ఆగితే వెంటనే మళ్లీ వేయకండి, ప్రొటెక్టర్ చల్లారడానికి అరగంట ఇవ్వండి. మీరు రెండుమూడు సార్లు ప్రయత్నించారన్నారు. ప్రతిసారీ కంప్రెసర్ వైండింగ్ (మోటారులోని తీగ చుట్ట) బాగా వేడెక్కి ఉంటుంది.

వోల్టేజీ బాగున్న చోట కూడా అదే గుర్రు వినబడితే, కంప్రెసర్ లేవడానికి ఊతమిచ్చే కెపాసిటర్ వంతు. పైన మూత కింద ఉండే స్థూపాకారపు డబ్బా అది. పైభాగం ఉబ్బినా, నూనె కారినా మార్చేయాలి. చూపుకు బాగున్నా మీటరుతో కొలిస్తే మీద రాసిన మైక్రోఫారడ్‌ల కన్నా 5, 6 శాతానికి మించి తగ్గకూడదు. కొత్తది అదే మైక్రోఫారడ్‌లు, అదే వోల్టేజీ లేదా ఎక్కువది తీసుకోవాలి. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో ఛార్జి మిగిలి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం చాలామంది చేసే పని, మీరు చేయొద్దు. 20 కిలో ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్ చివరలను ఇన్సులేటెడ్ క్లిప్పులతో కొన్ని సెకన్లు తగిలించి, మీటరులో సున్నా చూశాకే చేయి పెట్టాలి. ఈ పని, పైకప్పు ఎక్కే పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయడమే నా సలహా. మే నెలలో ఆ రేకు మీద మోకాలు ఆన్చలేం.

మెకానిక్ వచ్చినప్పుడు క్లాంప్ మీటరు (తీగ చుట్టూ తగిలించి ఆంప్స్ కొలిచేది) తెమ్మనండి. కేబుల్ మొత్తానికి కాదు, ఎంసీబీ దగ్గర ఫేజు తీగ ఒక్కదానికే తగిలించాలి, రెండు తీగలూ కలిపితే సున్నా చూపుతుంది. ఫ్యాన్ ఆంప్స్ మాత్రమే వస్తుంటే కంప్రెసర్‌కు ఆజ్ఞ అందలేదు, లేదా ప్రొటెక్టర్ తెరిచి ఉంది. క్షణం పాటు 25, 30 చూపి పడిపోతే వోల్టేజీ లేదా కెపాసిటర్. ప్లేటు మీద రాసిన దగ్గర్లో నిలకడగా ఉండి గది చల్లబడకపోతే గాలి దారి, ఫిల్టరు, పై కండెన్సర్ రేకుల్లో దుమ్ము. ప్లేటు అంకెకు బాగా తక్కువగా ఉండి, వెంటు గాలి కూడా చల్లగా లేకపోతే అప్పుడు గ్యాస్ గానీ కంప్రెసర్ వాల్వులు గానీ. గ్యాస్ పట్టించమన్న మనిషి ఈ నాలుగో కొలత చూపించగలిగితే ఒప్పుకోండి.

ఇన్వర్టర్ మీద నడుపుతారేమో మీరు రాయలేదు. 7 ఆంప్స్ ఏసీ అంటే 1,600 వాట్లు, 12 వోల్టుల బ్యాటరీ నుంచి 150 ఆంప్స్ దాకా లాగుతుంది. 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ కంప్రెసర్ ఆగకుండా నడిస్తే గంటన్నర కూడా రాదు. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ (లైను కరెంటులాగే నునుపైన అల ఇచ్చేది) తప్పనిసరి. కంప్రెసర్ లేచేటప్పుడు బ్యాటరీ కుంగి, అదే బ్యాటరీతో బతికే రిలే వదిలేసి, వోల్టేజీ కోలుకోగానే మళ్లీ పట్టుకుని టకటకలాడటం పాత బ్యాటరీల్లో కనబడుతుంది. అలా వినబడితే వెంటనే ఆపేయండి.

బండిని ముట్టుకుంటే జివ్వుమన్నా, ఏసీ వేయగానే ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చు) పడిపోతున్నా పై పరీక్షలేవీ చేయకండి. ఆర్‌సీసీబీ తీసేసి నడపమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు. ఎర్తు లీకు ఎక్కడుందో కంప్రెసర్ వైండింగ్, ఫ్యాన్ మోటారు, కేబుల్ విడివిడిగా మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) కొలిపించాలి.

చివరగా, మూత మీదో పీల్చే జాలీ లోపలో అంటించిన ప్లేటు ఒకసారి చదవండి. 220 నుంచి 240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంటే సరే. 115 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే అది అమెరికా మార్కెట్టు ఏసీ, మధ్యలో ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఉంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ మార్చగలదు గానీ హెర్ట్జ్ మార్చలేదు. 50 హెర్ట్జ్ మీద ఆ మోటార్లు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతాయి, చల్లదనం తగ్గుతుంది, 115 వోల్టులే ఇస్తే వైండింగ్ మామూలుకన్నా వేడెక్కుతుంది. అలాంటి ఏసీకి పదేపదే ఓవర్‌లోడ్ పడుతుంటే దాని మీద డబ్బు పోయకుండా, అదే 14 అంగుళాల రంధ్రంలో కూర్చునే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ ఏసీ ధర కనుక్కోండి.